చింపిన కాగితానికి వెనకవైపు

పోయిన ఆదివారం పొద్దున, భూపాలపల్లిలో ఉండే మా మేనత్తకు ఫోనులో ఒక నవల చివరి అధ్యాయం చదివి వినిపించబోతుంటే, ఆమె నన్ను ఆపి, "కోడలా, ఈసారన్న ఉన్నది ఉన్నట్టు చదువు, నీ కథలు కలపకు" అన్నది. జనగామలో నేను పనిచేసే కాలేజీ ఆఫీసులో నాతో వాదానికి దిగేవాళ్లు ఇప్పటికీ ఇద్దరు ముగ్గురికి మించి లేరు. అటువంటిదాన్ని, ఆ ఒక్క మాటకు పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాను.

అత్తకు కంటి ఆపరేషను అయి టీవీ చూడవద్దన్నారు, ఆమెకు చదువు రాదు, అందుకని ఈ రెండు నెలలుగా లైబ్రరీలో చేతికి దొరికిన పుస్తకమల్లా తెచ్చి చదువుతున్నాను. మొదటిది హత్య నవల. ఇంట్లో అందరూ ఏడుస్తుంటే ఒక్కడు తీరిగ్గా అందరికీ చాయ్ పోస్తుంటాడు. నలభయ్యో పేజీకే అత్త "గా చాయ్ పోసెటోడే సంపిండు" అన్నది, వాడే చంపాడు, మిగిలిన రెండు వందల పేజీలూ ఆ పోలీసాయన బుర్ర ఎప్పుడు పనిచేస్తుందా అని ఎదురుచూడటానికే సరిపోయాయి. తరువాత ఒక యాత్రా పుస్తకం. రచయిత నెలరోజులు హిమాలయాల్లో తిరిగి కొండకొండకూ కన్నీరు పెట్టుకున్నాడు గాని, ఆ నెలరోజులూ ఇంటి దగ్గర ఆయన పిల్లలకు ఎవరు వండిపెట్టారో ఒక్క వాక్యం రాయలేదు. జీవితంలో గెలుపు నేర్పే పుస్తకమొకటి తెల్లవారుజామున నాలుగింటికి లేవమంటుంది. మా వాడలో ఆడవాళ్లంతా ఆ వేళకే లేస్తారు, ఇంతవరకు ఒక్కరూ గెలిచినట్టు నాకు కబురు రాలేదు. కవితల పుస్తకాన్ని మాత్రం అత్తకు చదవకుండా నాకే దాచుకున్నాను. అందులో మంచివి మూడున్నాయి, మూడంటే తక్కువేమీ కాదు. ఐదోది ఈ సంసారపు నవల, ఇందులో వంటమనిషి ఒక్కతే మా భాష మాట్లాడుతుంది, తక్కినవాళ్లంతా రేడియో వార్తల్లా మాట్లాడతారు.

ఇట్లా ఏది దొరికితే అది చదివే గుణం నాకు చిన్ననాడు మా ఊరు గార్లలోనే అబ్బింది. మన ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు గాని, వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీని వారం వారం కత్తిరించి, అయిపోయాక అన్నీ కలిపి దబ్బనంతో కుట్టి, పైన పాత క్యాలెండరు అట్ట వేసుకునేవాళ్లం. మా ఇంట్లో వచ్చిన చిక్కేమిటంటే, అమ్మ దాచుకునే సంసారపు సీరియల్‌కు సరిగ్గా వెనకవైపే మా కాక, అంటే నాయిన తమ్ముడు, ప్రాణంగా చదివే హత్య సీరియల్ వచ్చేది. కాగితం ఎవరిదని వదినా మరిదీ పెద్ద తగువే పడి, చివరకు ఒకే పుస్తకంగా కుట్టుకోవటానికి ఒప్పుకున్నారు. కుడిచేతి పేజీలన్నీ సంసారం, ఎడమచేతి పేజీలన్నీ శవాలు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మేనత్త మహదేవపూర్ వైపు నుంచి, అత్తగారింటి నుంచి, విరిగిన చేతికి కట్టుతో ఒంటరిగా బస్సు దిగి వచ్చింది. చెయ్యి ఎట్లా విరిగిందో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు. కొన్నాళ్లకు అటువాళ్లు పెద్దమనుషులను తీసుకొని ఆదివారం వస్తామని కబురు పెడితే, తాత పంపిస్తానని మాట ఇచ్చేశాడు. అత్త ఔననలేదు, కాదనలేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను సీరియల్ చదువుతుంటే ఒంటిచేత్తో పల్లికాయ ఒలుస్తూ వినేది. అందులోని పిల్ల కూడా మొగుణ్ణి వదిలి పుట్టింటికి వచ్చి కూర్చున్నది. ప్రతి వారం చదవటం అయిపోగానే అత్తది ఒకటే ప్రశ్న: "పోతదా, ఉంటదా?"

ఆ ఆదివారానికి ముందు గురువారం నాడు చివరి భాగం వచ్చింది. దుకాణం నుంచి తెస్తూ దారిలోనే చదివాను. ఆ పిల్ల తిరిగి వెళ్లి, మొగుడి కాళ్లు మొక్కి క్షమాపణ అడిగింది. ఆ రచయిత మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. మధ్యాహ్నం అందరి నడుమ కూర్చొని, కళ్లు పేజీ మీదే పెట్టి, నా సొంతంగా వేరే కథ చదివాను. పిల్ల గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది, కుట్టుమిషను పెట్టుకొని బతికింది. ఆ వెంటనే ఆ కాగితాన్ని చింపి పొయ్యిలో పెట్టాను.

కాగితానికి వెనకవైపు కూడా ఉంటుందన్న సంగతి నాకు తట్టలేదు. హంతకుడి పేరు బయటపడే పేజీ అదే. సాయంత్రం కాక ఇల్లు పీకి పందిరేశాడు. "ఎవ్వలే చింపింది? ఇన్ని వారాల సంది సూస్తున్న, నా ఖూనీకోరు ఏడి?" మర్నాడు రైలెక్కి మానుకోటకు పోయి, స్టేషన్ దగ్గర ఇంకో ప్రతి కొనుక్కొచ్చి, తన వైపు చదువుకొని, హంతకుడు వంటవాడని తేలినందుకు తిట్టుకొని, దాన్ని మూలకు విసిరేశాడు. గండం గడిచిందనుకున్నాను.

ఆదివారం వచ్చినవాళ్లు మంచాల మీద కూర్చున్నారు. తాత "బట్టలు సదురుకో బిడ్డా" అన్నాడు. అత్త తలుపు దగ్గర నిలబడి, "నేను పోను నాయినా, మల్ల అడగొద్దు" అన్నది. తాత ఆరునెలలు ఆమెతో మాట్లాడలేదు. తరువాత ఆమె భూపాలపల్లిలో ఆడపిల్లల హాస్టల్‌లో వంటకు కుదిరి, అక్కడే రెండు గదుల ఇల్లు కట్టుకున్నది. పుస్తకాలతో ఏమి ఒరుగుతుందని ఎవరు నాతో వాదించినా, పైకి చెప్పకపోయినా, నా దగ్గర ఈ సాక్ష్యం ఉందన్న ధీమాతోనే ఇన్నేళ్లూ గెలుస్తూ వచ్చాను.

పోయిన ఆదివారం అత్తనే అడిగాను, నేను కథ మార్చి చదివానని ఎప్పటి నుంచి తెలుసని.

"మీ కాక మానుకోట నుంచి పుస్తకం తెచ్చిన నాడే. పక్కింటి టీచరమ్మతోని రెండో దిక్కు సదివించుకున్న."

అంటే పెద్దమనుషులు రావటానికి ముందే. కాళ్లు మొక్కిందని తెలిసి కూడా నువ్వెట్లా ఆగావంటే నవ్వింది. "అది మొక్కితే నేనెందుకు మొక్కుత? ఇరిగిన చెయ్యి దానిదా, నాదా? గని ఆనాడు నువ్వు సదువుకుంట సదువుకుంట వణికినవ్. గీ పోరి నాకోసం భయపడుతున్నదనుకున్న. గంతే. ఇగ సదువు, పొయ్యి మీద కూర ఉన్నది."

ఉన్నది ఉన్నట్టు చదివాను. ఇందులోనూ పిల్ల తిరిగి మొగుడి దగ్గరికే వెళ్లిపోయింది. "ఇదీ గంతేనా" అని అత్త ఫోను పెట్టేసింది.

ఇప్పుడు వారపత్రిక కోసం గురువారాలు ఎదురుచూసేవాళ్లు లేరు, కాగితం నాదంటే నాదని తగువు పడే వదినా మరుదులు లేరు. సంసారానికొక పుస్తకం, శవానికొక పుస్తకం, ఎవరిది వారు ఎవరి గదిలో వారు చదువుకుంటున్నారు. నేను మునుపటికంటే తెలివిగా చదువుతున్న మాట నిజమే, ఏ రచయిత ఎక్కడ దొంగాట ఆడుతున్నాడో ఇట్టే పట్టేస్తున్నాను. కాని ఈ రెండు నెలల్లో చదివిన ఐదు పుస్తకాల్లో, చేతులు వణికి, ఇది ఎవరి కంటా పడకూడదని చింపి పొయ్యిలో పెట్టాలనిపించిన కాగితం ఒక్కటీ లేదు.