ఉంచండి, ఉంచుకోండి

మా పక్క ఫ్లాట్ ప్రొఫెసర్ గారు పోయారు. ఇక్కడ సింగపూర్లో, క్లెమెంటి మార్కెట్ నుంచి కూరగాయల సంచితో వస్తుంటే ఎదురింటి చైనీస్ ఆంటీ లిఫ్ట్ దగ్గర ఆపి చెప్పింది: "యువర్ ప్రొఫెసర్ గాన్ ఆల్రెడీ. దిస్ మార్నింగ్." 'యువర్ ప్రొఫెసర్' అన్న మాటకి ఆ రోజు ఏడ్చాను. ఇవాళ అదే మాట తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది. అయినా రాస్తున్నాను. ఆయన గురించి తెలుగులో నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు.

ఆయన జర్మనీలో పెద్ద జమీందారీ కుటుంబంలో పుట్టారు. బారన్ అన్న బిరుదు తాతల నాటిది. ఎస్టేటు తమ్ముడికి వదిలేసి, పేరులోంచి బిరుదు తీసేసి, కళల చరిత్ర చదువుకున్నారు. "మా భోజనాల గది నిండా తాతముత్తాతల బొమ్మలే. బొమ్మలో ఉన్నది ఎవరంటే ఇంటిల్లిపాదీ చెప్పేవారు. గీసింది ఎవరంటే ఒక్కరికీ తెలీదు. ఆ రెండో ప్రశ్న కోసమే ఇల్లు వదిలాను," అనేవారు.

పాతకాలంలో మన కోస్తా నుంచి ఓడలెక్కి ఈ దేశాలకి వచ్చిన కలంకారీ గుడ్డల మీద ఆయన పరిశోధన. అందుకే సింగపూర్, అందుకే తెలుగు. నాది బందరు అని తెలిసిన మర్నాడే తలుపు కొట్టి "నాకు తెలుగు నేర్పుతారా?" అని అడిగారు. అప్పట్నుంచి నేను టీచర్ గారు, ఆయన సార్. శనివారం సాయంత్రం మా వంటింటి బల్ల మీద పాఠం.

ఆయనకి మన మాటల్లో వచ్చే 'కో' మహా ఇష్టం. "వండండి అంటే అందరికీ. వండుకోండి అంటే మీకోసం. ఈ 'కో' చాలా గడుసుది టీచర్ గారూ, అంతా తనవైపు లాక్కుంటుంది!" అని పగలబడి నవ్వేవారు.

మన మర్యాదలూ పట్టేశారు. గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని ఒకసారి మాటవరసకి అన్నాను. అంతే, పుట్టింటి వాళ్ళు ఇంటిపేరు కొట్టించి ఇచ్చిన నా స్టీలు గిన్నె పులిహోరతో వెళ్ళి, కమలాపళ్ళతో తిరిగొచ్చేది. ఇంట్లో ఏమీ లేకపోతే గుప్పెడు పంచదార పోసి పంపేవారు. "అంకుల్ సో స్మార్ట్ లా! పులిహోర ఫర్ షుగర్!" అని మా అమ్మాయి ఆయన్ని ఏడిపించేది.

ఆయన నాకు చూడడం నేర్పారు. హాకర్ సెంటర్లో నూడుల్స్ గిన్నె తిప్పి, దాని మీది కోడిపుంజు బొమ్మ చూపించి, "గీసిన చెయ్యి తొందరలో ఉంది, ఆ తోక చూడండి," అనేవారు. ఈలోగా నూడుల్స్ చల్లారిపోయేవి.

ఆ నమ్మకంతోనే మా నాయనమ్మ దుప్పటి ఆయన చేతికిచ్చాను. మా ముత్తాత కలంతో గీసిన దుప్పటి అది. ముత్తాత చేతి పని మాకు మిగిలింది అదొక్కటే. ఒక మూల నాయనమ్మ పసుపు చేతి మరక ఉంటుంది. మా గోడలకి చెమ్మ పట్టింది, సార్ గదిలో చెమ్మ లాగే మెషీన్ ఉంది. "మీ దగ్గర ఉంచండి సార్," అన్నాను. ముత్తాత పేరు ఇంటిపేరుతో సహా అడిగి తెలుసుకుని, తప్పు లేకుండా పలికారు. "నా రెండో ప్రశ్నకి జవాబున్న గుడ్డ," అన్నారు. ఆయన కళ్ళు తడిశాయి, నావీ తడిశాయి.

ఆయన సంస్మరణ సభ ఒక ప్రైవేటు గ్యాలరీలో పెట్టారు. ఆయన ఇచ్చిన వస్తువులన్నీ అక్కడ ఉన్నాయి. అద్దం వెనక మా దుప్పటి కనిపించింది. పసుపు మరక చూసి గుర్తుపట్టాను. కింద కార్డు మీద ఇంగ్లీషులో ఇలా ఉంది: 'బారన్ గారి కుటుంబ సేకరణ నుంచి కానుక. గీసినవారు: తెలియదు.'

ఈ వివరాలు ఎవరిచ్చారని గ్యాలరీ అమ్మాయిని అడిగాను. "ఆయనే మేడమ్. పోయినేడు స్వయంగా తెచ్చిచ్చారు. కార్డులో మాటలు కూడా ఆయనవే," అంది.

పొరపాటు అని సరిపెట్టుకోవాలని చాలా చూశాను. వయసు మీద పడింది, 'ఉంచండి' అంటే 'ఉంచుకోండి' అని విన్నారేమో అనుకున్నాను. కానీ ఆ తేడా తెలిసి పగలబడి నవ్వింది ఆయనే కదా. సరే, గుడ్డ ఉంచుకున్నారు. పేరెందుకు తీసేశారు సార్? మీరు వద్దనుకున్న బిరుదుని తెచ్చి మా ముత్తాత నెత్తిన పెట్టడానికి మీకు చేతులెలా వచ్చాయి? నన్ను మోసం చేశారు. ఇంతకన్నా మెత్తని మాట నాకు దొరకడం లేదు. ఆ కార్డు ముందు నిలబడి, గీసింది ఎవరని అడగాలని నాకు తట్టిందంటే అది కూడా ఆయన చలవే. అదే ఇంకా బాధ. ముత్తాత పేరు ఆ అమ్మాయికి చెప్పి వచ్చాను. రాసుకుంది. కార్డు మారుస్తారో లేదో తెలీదు.

నిన్న ఆయన ఫ్లాట్ ఖాళీ చేస్తుంటే దొరికిందని ఎదురింటి ఆంటీ నా స్టీలు గిన్నె తెచ్చిచ్చింది. ఆయన హాస్పిటల్లో చేరేముందు దద్దోజనం పెట్టి పంపాను అందులో. "యువర్స్, రైట్? గాట్ నేమ్," అంది. శుభ్రంగా కడిగి ఉంది. అలవాటు కొద్దీ మూత తీసి చూశాను. లోపల ఏమీ లేదు. అంచు మీద మా ఇంటిపేరు మాత్రం అలాగే ఉంది.