తలకిందులుగా చదివిన గొట్టం

1983లో నేను వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో ఒక చిన్న సాయిల్ టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. మాకు వచ్చేది సముద్రం అడుగు మట్టి. ఓడ మీద నుంచి పొడవైన ప్లాస్టిక్ గొట్టాన్ని అడుగులోకి దింపి, లోపలికెక్కిన మట్టితో సహా పైకి లాగుతారు. దాన్ని కోర్ అంటారు. ఆ గొట్టాన్ని నిలువునా కోసి, ఏ లోతులో ఏ మట్టి ఉందో, ఎంత గట్టిగా ఉందో రాయడం నా పని. కోసినప్పుడు వచ్చే కుళ్లిన గుడ్డు వాసనకి నేను అలవాటుపడ్డాను. మా ఆయన మాత్రం పడలేదు.

ఆ వేసవిలో అలాస్కా పక్కనున్న షెలికాఫ్ జలసంధి నుంచి ఒక కోర్ వచ్చింది. అక్కడ ఒక బార్జిని, అంటే చదునైన పెద్ద పడవను, నాలుగు లంగర్లతో నిలబెట్టి, దాని కింద డైవర్లు పనిచేయబోతున్నారు. అడుగున మెత్తటి బురద ఉంటే లంగరు రెక్కల్ని బాగా తెరిచి పెట్టాలి, గట్టి బంకమన్ను ఉంటే తక్కువగా. కోణం తప్పితే లంగరు పట్టు దొరక్క జారుతుంది. బార్జి కదిలితే కింద ఉన్న డైవర్ల గాలి గొట్టాలను లాక్కుపోతుంది.

గొట్టం మీద పైవైపు ఏదో చూపే బాణం గుర్తు నీళ్లకు చెరిగిపోయింది. నేనేం కంగారుపడలేదు. మాకు వచ్చే కోర్లకు పైవైపు ఎర్ర క్యాప్, కిందివైపు నల్ల క్యాప్ బిగించడం రివాజు. ఎర్ర క్యాప్ వైపు హిమానీనదాలు వదిలిన బూడిదరంగు బంకమన్ను, గులకరాళ్లతో గట్టిగా ఉంది. ఆ తర్వాత మెత్తటి, పచ్చటి సముద్రపు బురద. మామూలుగా మంచుకాలపు పాత మట్టి కింద, కొత్త బురద పైన ఉండాలి. అనుమానం రావాల్సిన చోట నాకు గర్వం వచ్చింది. హిమానీనదం వెనక్కి తగ్గి, బురద పేరుకున్నాక మళ్లీ ముందుకొచ్చి దాని మీద మట్టి పరిచిందని రిపోర్ట్‌లో రాశాను. మా సీనియర్ ఇంజినీర్ రావు గారు అది చదివి, "బాగా పట్టావమ్మా" అని సంతకం చేశారు.

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం, ఫైల్‌లో పెట్టాల్సిన ఆ కోర్ ఫొటోలు నా బల్ల మీదికి వచ్చాయి. బంకమన్ను మధ్య నిమ్మకాయంత రాయి ఒకటి కనిపించింది. తేలే మంచుగడ్డ కరిగేటప్పుడు అందులోంచి జారి అడుగున పడే ఇలాంటి రాయిని డ్రాప్‌స్టోన్ అంటారు. పడిన బరువుకు కిందనున్న సన్నటి పొరలు కిందికి వంగుతాయి. నా ఫొటోలో పొరలు రాయికి పైన, పైకి వంగి ఉన్నాయి. ఫొటో తిప్పి చూశాను. అంతా సరిపోయింది.

రావు గారి గదికి పరిగెత్తాను. "సర్, షెలికాఫ్ కోర్ నేను అప్‌సైడ్ డౌన్ చదివానండీ. లంగర్లు రాంగ్ సెట్టింగ్‌లో వేసేసి ఉంటారు."

ఆయన ఫొటోను తిప్పి చూశారు, మళ్లీ తిప్పారు. తిడతారనుకున్నాను. ఉద్యోగం పోయిందనీ అనుకున్నాను, అబద్ధమెందుకు. ఆయన ఫోన్ నా వైపు జరిపారు.

"క్లయింట్‌కి కాల్ చెయ్యి. ఎలా తెలిసిందని అడుగుతారు. చూసింది నువ్వు, నువ్వే చెప్పాలి."

అలాస్కాలో అప్పుడు ఉదయం. ఫోన్ ఎత్తిన క్లయింట్ ఆఫీసు మేనేజర్, ఇద్దరు డైవర్లు అప్పటికే దిగారన్నాడు. ఒక్క రాయిని చూసి పని ఆపమంటున్నావా అని అడిగాడు.

"అవును. ముందు వాళ్లని పైకి రప్పించండి. తర్వాత నన్ను ఏమన్నా అనండి."

రేడియోలో కబురు పంపుతానని పెట్టేశాడు. ఆ తర్వాత గంటన్నర ఎలా గడిచిందో చెప్పలేను. రావు గారు లంచ్ డబ్బా తెరిచి, ముట్టకుండానే మూసేశారు. ఆ ఇద్దరి పేర్లు కూడా నాకు తెలియవు. వాళ్ల ఇళ్లలో ఎవరెవరుంటారో ఊహించుకుంటూ కూర్చున్నాను.

ఫోన్ మోగింది. ఇద్దరూ పైకి వచ్చారు. ఆ తర్వాత ఒక లంగరును లాగి చూస్తే బురదలో జారుకుంటూ వచ్చేసిందట. సముద్రం ప్రశాంతంగా ఉండబట్టి అప్పటిదాకా నిలిచింది. ఆ కోర్ తీసిన ఓడవాళ్లు ఎర్ర క్యాప్‌ను కిందివైపు పెడతారని కూడా అప్పుడే తెలిసింది. ముందే ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేశాను.

కొత్త రిపోర్ట్ టైప్ చేసే ముందు రావు గారు పాత కాపీ తెచ్చి, హిమానీనదం మళ్లీ ముందుకొచ్చిందన్న వాక్యాన్ని నా చేతే కొట్టేయించారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు కోర్లు కోశాను. ప్రతి ఓడకీ ఫోన్ చేసి ఏ క్యాప్ ఎటువైపో అడిగేదాన్ని. అది నేర్చుకోవడం తేలికే. ఆ వాక్యం మాత్రం చాలా బాగుంది, అదే నా భయం. ఇప్పటికీ నేను రాసిన మాట నాకే అంత ముచ్చటగా అనిపిస్తే, పెన్ పక్కన పెట్టి, గొట్టాన్ని ఏ వైపు నుంచి చదువుతున్నానో చూసుకుంటాను.