వందరోజుల షీల్డు అడ్డొచ్చిన రోజు

నేను బీఎస్సీ పాసయ్యాను. నలభై దాటాక, మా ఇంట్లో మొట్టమొదటి డిగ్రీ నాది. పొద్దున ఫలితం చూసినప్పటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. మనసు మాత్రం నేను తలెత్తలేకపోయిన ఒక రోజు దగ్గరికే పోతోంది.

నా చిన్నప్పుడు కృష్ణానగర్‌లో ఒక్క గది కిరాయికి ఉండేవాళ్లం. అమ్మ జూబ్లీ హిల్స్‌లో ఒక సినిమా కెమెరామెన్ ఇంట్లో పని చేసేది. సెలవుల్లో నన్నూ వెంట తీసుకెళ్లేది. ఒకసారి వాళ్లింటికి బంధువులొచ్చిన రోజు, హాల్లో టీవీ రిమోట్‌ను ఊరికే చేతిలోకి తీసుకుని చూసి పెట్టేశాను. కాసేపటికి ఆ ఇంటి అమ్మగారు నొక్కితే టీవీ రాలేదు.

“మీ పిల్లే పాడుచేసింది. ఇలాగైతే రేపటి నుంచి పనికి రావొద్దు” అన్నారామె.

అమ్మ ఇంకో మాట అడక్కుండా నా చెంప మీద కొట్టింది. “నీకేం పని దాంతోని? మన తిండి పోగొడ్తవా ఏంది?” అంది. బంధువులంతా నన్నే చూస్తున్నారు. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

కెమెరామెన్ సార్ లేచి, తన వీడియో కెమెరా తెచ్చి నన్ను అందులోంచి చూడమన్నారు. రిమోట్ నొక్కారు. మామూలు కంటికి కనిపించనిది కెమెరాలో చిన్న దీపంలా మిణుకుమంది. రిమోట్ బాగానే ఉందన్నమాట. ఆ వెలుగుకు ఏదైనా అడ్డొస్తే ఆగిపోతుందని చెప్పారు. జేబులోంచి గేటు రిమోట్ తీసి నొక్కితే, గోడ అవతల గేటు తెరుచుకున్న చప్పుడైంది. దానిది రేడియో తరంగమట, గోడ దాటి పోతుందట. ఆ తర్వాత టీవీ ముందున్న షీల్డును పక్కకు జరిపారు. ఏదో సినిమా వందరోజులు ఆడినప్పుడు ఆయనకిచ్చింది. మళ్లీ రిమోట్ నొక్కితే టీవీ వచ్చింది.

“నేనే పెట్టి ఉంటాలే” అన్నారు నవ్వుతూ.

“కాదు సార్. చుట్టాలొస్తున్నరు, అందరికి కనవడాలని తుడ్సి నేనే గాడ పెట్టిన” అంది అమ్మ. నా వైపు తిరిగింది. “తప్పు నాదే బిడ్డా. ఉత్తగనే కొట్టిన.”

అమ్మగారు టీవీ వైపు తిరిగారు. అమ్మ పని పోలేదు. నాకు మాత్రం దెబ్బకన్నా, అంతమంది ముందు వంగిన అమ్మ తల చూసి ఎక్కువ సిగ్గేసింది. ఇంటికెళ్లాక చెప్పొచ్చు కదా అనుకున్నాను. ఎదిగాక తెలిసింది. నన్ను దోషిలా చూసిన కళ్లు మా గదిలో లేవు, ఆ హాల్లోనే ఉన్నాయి.

పాసైన సంగతి అమ్మకు చెప్పేశాను. ఇంకా ఫోన్ చేయాల్సింది పెద్దన్నకు, మధురానగర్‌లో నాకు ఫిజిక్స్ చెప్పిన మేడమ్‌కు, కెమెరామెన్ సార్‌కు. నిన్న ఆఫీసులో అందరి ముందు నేను ఊరికే కసిరిన అమ్మాయికి మాత్రం ఫోన్ చేయను. సోమవారం అందరూ వచ్చి కూర్చున్నాక, ఆమె టేబుల్ దగ్గరికే వెళ్తాను.