పటంలో లేని ఇల్లు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీకు నా వందనాలు. నా పేరు దానియేలు. సివిల్ డిప్లొమా చదివి, ఇళ్ళకు ప్లాన్లు గీసే పనిలో ఉన్నవాణ్ణి. వరస తప్పి మాట్లాడటం నాకు చేతకాదు, అందుకని ఈ సాక్ష్యం కూడా జరిగింది జరిగినట్టు వరసలోనే రాస్తున్నాను. తాగుడు నుంచి, జబ్బు నుంచి విడుదల పొందినవాళ్ళ సాక్ష్యాలు మీరు ఈ పత్రికలో చాలా చదివి ఉంటారు. నన్ను దేవుడు విడిపించింది అనుమానం నుంచి. అది తాగుడు కంటే చిన్నదని అనుకోకండి! తాగినవాడికి తెల్లారేసరికైనా దిగుతుంది, నాకు పదకొండు నెలలు దిగలేదు.

మాది సత్తెనపల్లి వైపు ఒక చిన్న మున్సిపాలిటీ ఊరు. నాన్నగారు ప్రభువునందు నిద్రించాక మా ఇంట్లో అమ్మా, నేనూ ఇద్దరమే. అమ్మకు ఉబ్బసం, పాతికేళ్ళ నుంచీ ఉంది. నేను గుంటూరు బ్రాడీపేటలో ఒక ప్లాన్ల ఆఫీసులో మూడేళ్ళు పనిచేసి, ఇక సొంతంగా ఆఫీసు పెట్టుకుందామని లైసెన్సుకు దరఖాస్తు చేసుకుని ఇంటికి వచ్చేసరికి, మాకు తూర్పున ఎప్పుడూ ఖాళీగా ఉండే స్థలంలో రేకుల షెడ్డు లేచి ఉంది. అది మా పొరుగున ఉండే కోటేశ్వరరావు బాబాయిది. ఆయన మిరపకాయలు కొని, తొడిమలు తీయించి, కారం పట్టించి అమ్ముతారు. షెడ్డు గోడ మా వంటింటి కిటికీకి సరిగ్గా ఒక్క అడుగు దూరంలో ఉంది, నేనే టేపు పెట్టి కొలిచాను. ఆ గోడలో మా కిటికీకి ఎదురుగా ఒక పెద్ద ఫ్యాను, లోపల కారం మర, మర తిరిగితే ఫ్యాను తిరిగేది, ఫ్యాను తిరిగితే ఆ ఘాటంతా మా ఇంట్లోకి! అమ్మ దగ్గి దగ్గి మంచం పట్టె పట్టుకుని ఊపిరి కోసం పెనుగులాడుతుంటే చూస్తూ నిలబడటం ఎంత నరకమో, ఉబ్బసం ఉన్నవాళ్ళ పిల్లలను అడగండి.

హద్దు నుంచి కొంత ఖాళీ వదిలి కట్టాలని చట్టం. అది నాకు తెలుసు, నేను చదువుకున్నది అదే కదా. ఆ ఖాళీ వదలలేదు కాబట్టి అనుమతి రద్దు చేయమని మున్సిపల్ ఆఫీసులో అర్జీ పెట్టాను. మూడు వారాలకు జవాబు వచ్చింది: నిర్మాణం అనుమతి పొందిన ప్లాను ప్రకారమే ఉన్నది, ఫిర్యాదు ముగించడమైనది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ అదే జవాబు, అక్షరం తేడా లేదు. సోమవారం అర్జీల రోజున వెళ్ళి పెద్ద అధికారి చేతికే ఇచ్చాను, ఆయన దాన్ని టౌన్ ప్లానింగ్ అధికారికి పంపారు, ఆ ప్లానింగ్ అధికారి ఒకరోజు జీపులో వచ్చి తూర్పు వైపు పెద్ద రోడ్డు మీద షెడ్డు ముందు నిలబడి, కోటేశ్వరరావు బాబాయి ఇచ్చిన టీ తాగి, ఒక కవరు చేతిలో పట్టుకుని వెళ్ళిపోయారు. మా పెరటి వైపు తొంగి కూడా చూడలేదు!

ఆ కవరు నా కళ్ళలో పడిన రోజే ఈ జబ్బు నాకు అంటుకుంది సహోదరులారా.

ఒక నోటు పుస్తకం కొన్నాను. షెడ్డుకు ఎవరు వచ్చారు, ఏ బండి మీద వచ్చారు, ఎంతసేపు ఉన్నారు, మర ఎప్పుడు తిరిగింది, ఆ పూట గాలి ఎటు వీచింది, అన్నీ గళ్ళు గీసి రాసేవాణ్ణి. వార్డు సచివాలయంలో అమ్మాయి నన్ను చూసి ఫోను పక్కకు తిప్పితే రాసుకున్నాను. తపాలా ఆయన షెడ్డులో మంచినీళ్ళు తాగితే, నా ఉత్తరాలు ఆగుతున్నది అక్కడే అని రాసుకున్నాను. చివరికి గుడిని కూడా వదల్లేదు. మా సంఘంలో ఉజ్జీవ సభలకు కోటేశ్వరరావు బాబాయి యాభై కుర్చీలు ఉచితంగా పంపారు, మా పాస్టరు అయ్యగారు మైకులో ఆయన పేరు చెప్పి కృతజ్ఞతలు చెప్పారు, అంతే, అయ్యగారు కూడా అమ్ముడుపోయారని ఆ ఆరాధనలోనే, పాటల పుస్తకం చాటున, నోటు పుస్తకంలో రాసుకున్నాను! ఆ తర్వాత నాలుగు ఆదివారాలు గుడికి వెళ్ళినా ప్రభువు బల్ల దగ్గరకు వెళ్ళలేదు, ఆయన చేతి మీదుగా రొట్టె తీసుకోవడం నాకు ఇష్టం లేకపోయింది, ఆపైన గుడికి వెళ్ళడమే మానేశాను.

అమ్మ సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి. ఒకరోజు వంటింట్లో కొత్త కారం డబ్బా కనబడింది. బాబాయి భార్య సుబ్బులు పిన్ని ఇచ్చి వెళ్ళిందట.

"వాళ్ళ కారం తింటూ వాళ్ళ వైపు చేరావా? నేను ఆఫీసులో ఏం అర్జీ పెడుతున్నానో వాళ్ళకు ముందే ఎట్టా తెలుస్తోందా అనుకుంటున్నా, నువ్వేనా మోసేది?" అన్నాను, కన్నతల్లిని.

అమ్మ ఆయాసం ఆపుకుని నా ముఖంలోకి చూసింది. "ఒరేయ్ దానియేలూ, ఊపిరాడంది నాకా నీకా? నాకు రొమ్ములో పట్టింది గాని, నీకు బుర్రలో పట్టిందిరా ఘాటు!"

నవ్వు రావలసిన మాట. నాకు రాలేదు. ఆ మాట కూడా తేదీ వేసి రాసుకున్నాను.

రోజూ ప్రార్థన చేసేవాణ్ణి, చేయలేదని కాదు. నా ప్రార్థన ఇది: "ప్రభువా, నీకు దాగింది ఏదీ లేదు. ఈ దొంగ ఎవడో నాకు చూపించు. వీళ్ళు దాచిన కాగితం బయటపెట్టు. తప్పు చేసిన చేతిని పదిమందిలో పట్టించు." పదకొండు నెలలు ఇదే ప్రార్థన. ఆ చేతి గురించి అడిగేటప్పుడు నా చేతులు జోడించే ఉండేవి!

అప్పుడు, నేను గుడికి రావడం మానేశానని అయ్యగారే మా ఇంటికి వచ్చారు. అమ్మకు ప్రార్థన చేశారు. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి నా చేతిలో నోటు పుస్తకం చూసి ఒక్క ప్రశ్న వేశారు.

"బాబూ, అంతా ప్లాను ప్రకారమే ఉందని వాళ్ళు అంటున్నారు గదా, ఆ ప్లాను నువ్వు చూశావా?"

చూడలేదు. పద్నాలుగు అర్జీలు పెట్టినవాణ్ణి, ప్లాన్లు గీసి బతికేవాణ్ణి, అసలు కాగితం చూడలేదు! అడిగితే మార్చిన కాగితం ఇస్తారని అనుమానం, అందుకని అడగనే లేదు. అయ్యగారిని ఎవరో పంపించి ఈ మాట అడిగించారేమోనని కూడా ఆ పూట అనుకున్నాను, అంత దాకా ముదిరింది. కానీ ఆ ప్రశ్న ముల్లులా దిగబడిపోయింది, మర్నాడే సమాచార హక్కు కింద ఆ ప్లాను నకలు కావాలని దరఖాస్తు పెట్టాను. నెల లోపల తపాలాలో వచ్చింది, అదే తపాలా ఆయన తెచ్చి నవ్వుతూ నా చేతికిచ్చారు.

వరండాలో పరిచి చూశాను. తూర్పున పెద్ద రోడ్డు, సరే. ఉత్తరం, దక్షిణం సరే. పడమర వైపు మా ఇల్లు ఉండాలి. లేదు! ఇరవై అడుగుల రోడ్డు అని రాసి ఉంది. అమ్మ పడుకునే గది, వంటిల్లు, బావి, అన్నీ ఆ రోడ్డు కింద మాయమైపోయాయి. రోడ్డు ఉంది కాబట్టి అదే ఖాళీ కింద లెక్క, ఫ్యానూ పెట్టుకోవచ్చు, పక్కన ఇల్లే లేదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు! దొరికాడు దొంగ అని గట్టిగా అరిచాను, ఎవడు గీశాడో చూద్దామని కాగితం ఎండ వైపు తిప్పాను, మూలన ఉత్తర దిక్కు చూపించే బాణం గుర్తు కనబడింది.

ఆ బాణం కొనమీద చిన్న సిలువ ఉంది.

సహోదరులారా, బ్రాడీపేట ఆఫీసులో పనిలో చేరిన మొదటి రోజు నుంచీ ప్రతి పటంలో బాణానికి సిలువ గీసేది నేనొక్కణ్ణే. నా పని ప్రభువుకు చెందినదని ఎవరికీ చెప్పకుండా పెట్టుకున్న గుర్తు అది. ఆ పటం నేనే గీశాను. ఆ ఆఫీసులో పద్ధతి ఏమిటంటే, స్థలం దగ్గరకు వెళ్ళి చూసేవాళ్ళు ఎవరూ ఉండరు, కొలతలు ఫోనులో ఫోటోగా వస్తాయి, మనం పాత పటం ఒకటి తెరిచి, కాపీ తీసి, పేర్లూ కొలతలూ మార్చి పంపేస్తాం, రోజుకు ఎనిమిది, పది. నేను కాపీ తీసిన పాత పటం రెండు రోడ్లు కలిసే మూల మీది స్థలానిది, దానికి పడమర కూడా రోడ్డు ఉంది, దాన్ని మార్చడం మరిచిపోయాను. దరఖాస్తు కోటేశ్వరరావు బాబాయి మామగారి పేరున ఉంది. మా ఊరిదని తెలిసినా, సర్వే నంబరు చూసినా, మా పక్క స్థలమని తట్టలేదు, మన ఇంటి సర్వే నంబరు మనలో ఎంతమందికి నోటికి వస్తుంది? అలా కుర్చీలోంచి లేవకుండా మా అమ్మ ఇంటిని నా చేతులతో నేనే చెరిపేశాను.

దొంగను చూపించమన్నాను. దేవుడు చూపించాడు!

కాగితం మీద బోర్లా పడి ఏడ్చాను. ఏడ్చాక కూడా వెంటనే మంచివాణ్ణి అయిపోలేదు. నా లైసెన్సు దరఖాస్తు ఆ మున్సిపల్ ఆఫీసులోనే పెండింగులో ఉంది, ఒప్పుకుంటే ఎవరిస్తారు? నా పాత యజమానికి ఫోను చేశాను, ఎందుకంటే ఆ పటం మీద సంతకం ఆయనది.

"ఏరా, బుద్ధుందా?" అన్నారాయన. "ఆ బాణం గుర్తు ఎవడు చూస్తాడు, ఎవడు చదువుతాడు? నోరు మూసుకుంటే ఎవడికీ తెలవదు."

నిజమే, ఎవరికీ తెలియదు. మూడు రోజులు ఆ మాట మీదే ఉన్నాను. మూడో రోజు మర తిరిగింది, అమ్మ దగ్గింది, నేను అలవాటు కొద్దీ పుస్తకం తెరిచాను. మర తిరిగిన సమయం రాసి, కారకుడు అనే గడిలో పేరు రాయబోయి చెయ్యి ఆగిపోయింది. "ప్రభువా, ఈ గడిలో నా పేరు రాసే బలం ఇయ్యి" అని ప్రార్థించి, దానియేలు అని రాశాను. ఆ నాలుగక్షరాలు రాసిన నిమిషంలో, పదకొండు నెలలుగా రొమ్ము మీద ఉన్న బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది, దేవునికే మహిమ!

ముందు కోటేశ్వరరావు బాబాయి దగ్గరకు వెళ్ళాను. పటం చూపించి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"నువ్వా గీసింది? మరి ఏడాదిగా ఊరంతా నన్ను దొంగ దొంగ అంటివి గదరా! ఇంజనీరు ఆఫీసోళ్ళు గీశారు, సంతకం పెట్టమంటే మా మామ పెట్టాడు, ఈ గీతలు మాకేం తెలుసు? ఎక్కడ దాకా కట్టొచ్చయ్యా అంటే హద్దు దాకా అన్నారు, కట్టా!"

"మా అమ్మ దగ్గు మీకు వినపడలేదా బాబాయ్?" అన్నాను, ఉండబట్టలేక.

లోపల నుంచి సుబ్బులు పిన్ని అంది, "వినపడింది నాయనా. మర కట్టెయ్యమని నేను రోజూ అంటానే ఉన్నా."

సోమవారం పదిహేనో అర్జీ పెట్టాను. అందులో మూడే వాక్యాలు: ఈ పటం గీసింది నేను. పడమర రోడ్డు లేదు, మా ఇల్లు ఉంది. నా తప్పు వల్ల వచ్చిన ఈ అనుమతిని రద్దు చేయండి. ప్లానింగ్ అధికారి రెండుసార్లు చదివారు.

"ఏమయ్యా, ఈ పటంలో మీ ఇల్లే లేదు. లేని ఇంటికి ఘాటు ఎట్టా తగులుద్దని రాయమంటావు నన్ను?" అని, గొంతు తగ్గించి అన్నారు, "నేనూ ఒకసారి పెరటి వైపు వచ్చి చూడాల్సింది. ఆ తప్పు నాది."

ఆ వారంలోనే పెరటి వైపు వచ్చి కొలిచారు. అనుమతి రద్దయింది. మర ఆగింది. కోటేశ్వరరావు బాబాయి కొత్త దరఖాస్తు పెట్టుకుంటే, స్థలం నాలుగు వైపులా నేనే నడిచి, కొలిచి, కొత్త పటం గీసి ఇచ్చాను, లైసెన్సు ఉన్న వేరే ఇంజనీరుగారు మళ్ళీ కొలుచుకుని సంతకం చేశారు. పడమటి గోడ విప్పి చట్టప్రకారం వెనక్కి జరిపారు. ఫ్యాను తీసేశారు, కారం పట్టే పని ఊరి బయట మిల్లులో చేయించుకుంటున్నారు. పోయిన నెలలో అమ్మ వంటింటి కిటికీ తెరిచింది. రెండేళ్ళ తర్వాత! తెరిచి, "ఒరేయ్, అవతల గోడకు సున్నం కొట్టలేదేంట్రా" అంది. ఆ ఫిర్యాదు మాత్రం నేను ఎవరికీ పంపలేదు.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. నా లైసెన్సు ఇంకా రాలేదు, రాకపోవచ్చు కూడా. పాత యజమాని ఫోను ఎత్తడం లేదు. ఆ కవరులో ఏముందో నాకు ఈ రోజుకీ తెలియదు, తెలుసుకోవాలన్న దురద అప్పుడప్పుడు లేస్తుంది, లేచినప్పుడల్లా మోకరిస్తాను. నోటు పుస్తకం అయ్యగారి ముందు పెట్టి, ఆయన పేరున్న పేజీ నేనే చదివి వినిపించి క్షమాపణ అడిగాను. ఆయన, "ఆ కుర్చీల్లో నాలుగు విరిగినయి బాబూ, అది రాసుకోలేదా?" అని నవ్వి, నా తల మీద చెయ్యి వేసి ప్రార్థించారు. ఆ ఆదివారం ఆయన చేతి మీదుగానే రొట్టె తీసుకున్నాను.

అధికారులను అడగవద్దని నేను చెప్పడం లేదు. అడగాలి, అర్జీ పెట్టాలి, కాగితం తీయించి చూడాలి. అమ్మ ఊపిరి కోసం నేను చేసిన ఆ పోరాటం తప్పు కాదు. కానీ చదువుతున్న నా సహోదరుడా, సహోదరీ, నీ పుస్తకంలో కూడా చాలామంది పేర్లు ఉండవచ్చు. దాన్ని ఈ రోజే ప్రభువు ముందు తెరిచి, నిజం చూపించమని అడుగు. జవాబు నీ చేతి గీతలోనే వచ్చినా భయపడకు. చూపించిన ఆయనే క్షమించి నిలబెడతాడు, నన్ను నిలబెట్టాడు. నన్నూ మా అమ్మనూ ఊపిరి పీల్చుకోనిచ్చిన ఆ దేవునికే సమస్త మహిమ కలుగును గాక, ఆమేన్.