అరగదీసిన బూట్లతో త్రిశూర్ దాకా

శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నరకు మాదాపూర్‌లో సిటీ బస్సు ఎక్కగానే నా ఒళ్లు మండింది. మా సంచులు, బంతుల వల, చాపల చుట్టలు చూసి కండక్టరు, "ఏందన్నా, ఇల్లు ఖాళీ చేస్తుండ్రా?" అన్నాడు. పాపం, నవ్వులాటకే అన్నాడు. కానీ మేం పదహారు మందిమి ఆ ప్రయాణం పెట్టుకున్నదే ఖాళీ చేయకుండా ఉండడానికి.

నేను తాపీ మేస్త్రీని. పాలమూరు వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లయింది. జట్టులో ఒకప్పుడు బ్యాక్ ఆడేవాణ్ని, ఇప్పుడు మోకాలు పోయి ఆట నేర్పుతున్నాను. మాదాపూర్‌లో ఆ గుండ్రటి అద్దాల భవనం లేవక ముందు నుంచీ దాని వెనకాల మొరం నేల మీద పొద్దున్నే ఆడుకునేవాళ్లం. రాళ్లు కొట్టేవాళ్లు, డ్రైవర్లు, వాచ్‌మెన్లు, నా కింద సిమెంటు కలిపేవాళ్లు, ఇదీ మా జట్టు. ఆ ఏడాది మా రాష్ట్రం తరఫున దేశమంతటి నాకౌట్ కప్పులో ఆడే అవకాశం మాకు దక్కింది. ఒక్క ఆట ఓడితే ఇంటికే. మొదటి రౌండు సికింద్రాబాద్‌లో గెలిచాం. రెండో రౌండు బెంగళూరులో పెనాల్టీల దాకా పోయి గెలిచాం. మూడో రౌండు త్రిశూర్‌లో.

ఈ మధ్యలోనే మా నేల మీద కూడా ఆఫీసుల కోసం భవనం వస్తుందన్నారు. స్థలాల సంగతి చూసే సారు దగ్గరికి నేనూ, మా కెప్టెన్ యాదగిరీ వెళ్లాం. యాదగిరి రాళ్లు కొట్టే మనిషి. ముందు వరసలో ఆడతాడు, బంతి కాలికి దొరికితే ఇక వదలడు. సారు మాకు చల్లటి నీళ్లిప్పించి, "మీరు కప్పులో ఉన్నన్నాళ్లూ ఆ గ్రౌండ్ మీదేనండి. దాని జోలికి ఎవరూ రారు. ఓడిపోయిన మర్నాడు మాత్రం మారు మాట్లాడకుండా వదిలేయాలండి. సరేనా?" అన్నాడు. సరే అన్నాం. మమ్మల్ని వాకిలి దాకా సాగనంపి, "మరి గెలుస్తూనే ఉండండి!" అని నవ్వాడు. ఆ నవ్వు నాకప్పుడే నచ్చలేదు. కానీ పెద్ద కుర్చీలో కూర్చున్నవాడు, మాట తప్పుతాడా అనుకున్నాను.

పన్నెండుకు నాంపల్లిలో కొచ్చిన్ రైలు కదిలింది. పదహారు మందికి ఖాయమైన బెర్తులు ఆరే. మిగతావాళ్లం తలుపుల దగ్గర చాపలు పరుచుకున్నాం. జొన్నరొట్టెలు, పల్లీల చట్నీ ఇంటి నుంచే తెచ్చుకున్నాం కాబట్టి మధ్యాహ్నం ఎవరి చేతివంకా చూడలేదు. సాయంత్రం గుంటూరులో ఒక పెద్దాయన ఎక్కాడు. యాదగిరి బూట్లు చేతిలోకి తీసుకుని తిరగేసి చూశాడు.

"ఇదేంటండీ, అడుగంతా నున్నగా ఉంది? పాతవా?" అన్నాడు.

"కొత్తవే. మేమే అరగదీసినం" అన్నాను గర్వంగా.

అది మా అలవాటు. బూటు అడుగున పొడుచుకొచ్చే స్టడ్లు మెత్తటి గడ్డి నేలలో దిగడానికి పెట్టినవి. మా మొరం కింద అంతా బండే. స్టడ్లు అందులో దిగవు సరికదా, కాలు మడతపడి మనిషి పడతాడు. అందుకని కొత్త బూటు ఎవరు కొన్నా ముందు నా పని దగ్గరికి తెస్తాడు. నేను బండలు నునుపు చేసే గ్రైండర్ మీద పెట్టి స్టడ్లన్నీ సగానికి పైగా అరగదీస్తాను. బెంగళూరులో కూడా నేల ఎండి గట్టిగా ఉంది కాబట్టి మా బూట్లు బాగానే పట్టాయి. పెద్దాయనకు ఇదంతా చెప్పాను. ఆయన అంతా విని, "మనవాళ్లు కూడా ఫుట్‌బాల్ ఆడతారాండీ?" అన్నాడు. ఇంకేం చెప్తాం! చాప మీదికి పోయి పడుకున్నాను.

శనివారం తెల్లవారి లేచేసరికి తమిళనాడు. కాట్పాడిలో ఇడ్లీలు తిన్నాం. కోయంబత్తూరు దాటాక కొండలు దగ్గరికొచ్చాయి, నేల రంగు మారిపోయింది. ఎటు చూసినా పచ్చదనమే. మధ్యాహ్నం రెండింటికి త్రిశూర్‌లో దిగాం. మమ్మల్ని తీసుకెళ్లడానికి ఎవరో వస్తారన్నారు, ఎవరూ రాలేదు. గంట చూసి నడిచి వెళ్లాం. బస ఒక బడిలో, బెంచీలు పక్కకు జరిపిన గదిలో. అన్నం లావుగా, ఎర్రగా ఉంది. కడుపు నిండా పెట్టారు, అది మాత్రం ఒప్పుకోవాలి.

ఆదివారం ఉదయం పదింటికి గ్రౌండ్ చూడ్డానికి పోయాం. ఏం గ్రౌండ్ అది! గడ్డి కాలికి పరుపులా తగిలింది. మావాళ్లు చెప్పులు విడిచి దాని మీద ఊరికే నడిచారు. ఇంతలో అక్కడి పెద్దమనిషి ఒకడు మా బూట్లు చూసి పక్కవాళ్లతో ఏదో అని పగలబడి నవ్వాడు. ఏమన్నాడని గ్రౌండ్ చూసుకునే ముసలాయనను అడిగాను. ఆయన పేరు కుంజప్పన్. చిన్నప్పుడు సికింద్రాబాద్‌లో పనిచేశాడట, తెలుగు వచ్చు.

"ఇవి బూట్లా, చెప్పులా అంటున్నడు" అన్నాడు నెమ్మదిగా. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "బాబూ, నాలుగింటికి వాన వస్తది. దినాం వస్తది. ఈ బూటు నిలవదు. నా దగ్గర పెట్టె నిండా పాత బూట్లున్నయి. పొడుగు స్టడ్లు. తీసుకో" అన్నాడు.

నేను పైకి చూశాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆ నవ్విన మనిషి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. స్టేషన్‌కు మనిషిని పంపరు, బడిలో పడేస్తారు, పైగా మా బూట్లను చెప్పులంటారా? "మా బూట్లతోని రెండు రౌండ్లు గెలిచినం. మాకెవరి పాత బూట్లూ అక్కర్లేదు" అన్నాను, ఆ నవ్వేవాడికి కూడా వినపడేలా. యాదగిరి నా మొహం వంక చూసి తల దించుకున్నాడు.

ఆట మూడున్నరకు మొదలైంది. నాలుగింటికి అయిదు నిమిషాలుందనగా ఉరుము. నాలుగింటికి వాన, దబదబా, బిందెలతో కుమ్మరించినట్టు. అయిదు నిమిషాల్లో మావాళ్లు ఒక్కొక్కడే జారి పడడం మొదలైంది. మా బ్యాక్ ఆటగాడు తిరగబోయి పడ్డాడు, గోల్. మా గోల్‌కీపర్ ముందుకు దూకబోతే కాలు వెనక్కి పోయింది, రెండో గోల్. యాదగిరికి ఎదురుగా ఖాళీ గోల్ దొరికింది. తన్నబోయి వెల్లకిలా పడ్డాడు, బంతి అక్కడే ఆగిపోయింది. జనం నవ్వారు. ఆ నవ్వుల్లో ప్రతి ఒక్కటీ నాకే తగలాల్సింది, వాళ్లకు తగిలింది.

సగం ఆటకు విరామం ఇచ్చారు. యాదగిరి ఒంటి నిండా బురదతో నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అన్నా, ఒక్క మాట అడుగుత. నీ కోపం మన గ్రౌండ్ కన్నా పెద్దదా?"

లేచి కుంజప్పన్ దగ్గరికి పోయాను. అడగనక్కర్లేకుండానే ఆయన పెట్టె తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు. సైజులు సరిగ్గా కుదరలేదు, ఇద్దరు వేళ్ల దగ్గర గుడ్డలు కుక్కుకున్నారు. అయితేనేం, రెండో సగంలో నా జట్టు ఆడిన ఆట ఈ జన్మలో మరిచిపోను! ఎవడూ పడలేదు. యాదగిరి ముగ్గుర్ని దాటుకుని ఒక గోల్ కొట్టాడు. చివరి నిమిషంలో వాడు కొట్టిన బంతి పైకర్రకు తగిలి వెనక్కొచ్చింది. ఒకటికి రెండు. ఓడిపోయాం. నవ్విన జనమే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు చెంపల మీద పడ్డట్టున్నాయి.

సోమవారం పొద్దున బూట్లు కడిగి కుంజప్పన్‌కు అప్పజెప్పాం. "మళ్ల సంవత్సరం రండి" అన్నాడాయన. ఎక్కడ ఆడి వస్తాం తాతా, అనబోయి మింగేశాను. ఒంటిగంటకు రైలెక్కాం. త్రిశూర్ వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే: అన్నం కడుపు నిండా పెడతారు, వాన చెప్పిన టైముకు వస్తుంది, అక్కడి ముసలివాళ్లు చెబితే వినండి.

దారి పొడుగునా నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. పాలక్కాడ్ దగ్గర యాదగిరి చాయ్ తెచ్చి చేతిలో పెట్టి పోయాడు. నన్ను నేనే తిట్టుకున్నాను. తాపీ పట్టుకునే చేతికి గ్రైండర్ ఎందుకు? ఒకడెవడో నవ్వితే పదహారు మంది నేలను నేనొక్కణ్నే వదిలేయడమేంటి? మాట ప్రకారం ఇక మేం ఖాళీ చేయాలి. సారు దగ్గరికి నేనే పోయి, "సార్, ఓడిపోయినం, నా తప్పే, ఇంకొక్క నెల ఇయ్యండి" అని కాళ్లావేళ్లా పడదామనుకున్నాను. ఏమేం అనాలో రేణిగుంట దాకా వల్లె వేసుకున్నాను.

మంగళవారం రెండింటికి నాంపల్లి. మూడున్నరకు మాదాపూర్. సంచులతోనే గ్రౌండ్‌కు నడిచాం.

చుట్టూ కంచె. ఇనప స్తంభాలు, వాటికి ముళ్ల తీగ. మా గోల్ కర్రలు పీకి ఒక మూలన పడేశారు. మావాళ్లు అలాగే నిలబడిపోయారు. "నిన్ననే ఏసిండ్రేమో. ఓడినమని తెలిసే ఉంటది" అన్నాడు యాదగిరి.

నేను వంగి స్తంభం మొదట్లో సిమెంటు చూశాను. ఒక్క రోజు సిమెంటయితే నల్లగా ఉంటుంది, గోరు పెడితే గీత పడుతుంది. ఇది తెల్లబడి ఉంది. గోరు విరిగింది గానీ గీత పడలేదు. గట్టిపడడానికి తడి గోనెపట్టాలు చుట్టి తీసేసిన మరకలు కూడా ఉన్నాయి. ఇరవై ఏళ్ల నుంచి చేస్తున్న పని, ఇది నిన్నటిది కాదని నాకెవరూ చెప్పనక్కర్లేదు.

కంచె లోపల కొత్త వాచ్‌మన్ కూర్చున్నాడు. "ఎప్పుడు పాతిండ్రు తమ్మీ?" అని అడిగాను.

"శుక్కురవారం అన్నా. పొద్దుగాల తొమ్మిదింటికే లారీ వచ్చింది."

మేం బస్సెక్కిన అరగంటకు! ఇంకా కప్పులోనే ఉన్నాం. ఇంకా ఓడనే లేదు. మేం ఊరు దాటేదాకా కూడా కాదు, వీధి మలుపు తిరిగేదాకా కాచుకుని కూర్చున్నారన్నమాట. యాదగిరి కొట్టిన బంతి పైకర్రకు కాక లోపలికి పోయి ఉన్నా, మేం గెలిచి మేళతాళాలతో వచ్చి ఉన్నా, ఈ ముళ్ల తీగ ఇక్కడే ఉండేది. రైల్లో నన్ను నేను తిట్టుకున్న తిట్లన్నీ మూటగట్టి ఆ కుర్చీలో మనిషి మొహాన కొట్టాలనిపించింది.

పక్కనే ఎస్టీడీ బూత్. నంబరు యాదగిరి జేబులో ఉంది. సారే ఎత్తాడు.

"సార్, మాదాపూర్ ఫుట్‌బాల్ జట్టు నుంచి. కప్పులో ఉన్నన్నాళ్లూ గ్రౌండ్ మాదేనన్నారు. మేం మూడో ఆట ఆడకముందే కంచె వేసిండ్రు. ఇదేం న్యాయం?"

అవతల కాసేపు కాగితాల చప్పుడు. తర్వాత సారు ఎంతో మర్యాదగా, "ఏ కప్పండీ?" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. పద్నాలుగు మంది బూట్లు మెడలో వేసుకుని రోడ్డు మీద నిలబడి ఉన్నారు. యాదగిరి బూత్ తలుపు పట్టుకుని ఉన్నాడు.

"ఏమంటున్నడన్నా?"

"మనం ఏ కప్పు ఆడినమో అడుగుతున్నడు" అన్నాను.