ఎర్ర గీత మీద చెరకు బండ్లు

నిజామాబాద్‌లో నాది బోర్డులు రాసే దుకాణం. చాలా ఏళ్లు బ్రష్‌తో రాశాను, తర్వాత కంప్యూటర్లో ఫ్లెక్సీలు. 2009 చెరకు సీజన్లో, కోటగిరి దగ్గర ఆరోగ్య కేంద్రంలో నర్సుగా పనిచేసే మా చెల్లెలి బిడ్డ సుజాత ఫోన్ చేసింది. "మామా, మా జీపు డ్రైవర్ కొత్తోడు. పోయిన నెల దారిల లేటయ్యి ఒకామె జీపులనే కన్నది. ఇప్పుడు పక్కూరి లక్ష్మికి కాన్పు దినాలు దగ్గరవడ్డయి. గోడకు తలిగేసెటట్టు ఒక మ్యాపు చేసియ్యి." ఎవరైనా వాడుకోవచ్చని జనమే గీసి ఇంటర్నెట్లో పెట్టిన మ్యాపు ఒకటుంది. ఆ సమాచారం దించుకొని రంగులు నా ఇష్టప్రకారం వేశాను. తారు రోడ్డుకు మందంగా ఎరుపు, కాలువలకు నీలం. కాలువ కట్టల మీది మట్టి దారులు అందం చెడగొడుతున్నాయని ఎలుక తోకలంత సన్నగా, బూడిద రంగులో వదిలేశాను.

పొద్దున ఏడుకు బోధన్ బస్సెక్కితే గంటలో దింపింది. టికెట్టు అప్పట్లో ఇరవై రూపాయల లోపే. అక్కణ్నుంచి కోటగిరికి షేర్ ఆటో. చుట్టిన ఫ్లెక్సీ చూసి పక్కన కూర్చున్న ముసలామె, "ఏ పార్టీది బిడ్డా?" అంది. "ఇంక ఏ పార్టీ పిలుస్తలేదవ్వా" అన్నాను.

తొమ్మిదిన్నరకు ఆరోగ్య కేంద్రం గోడకు మేకు కొడుతుండగా సుజాతకు ఫోన్ వచ్చింది. లక్ష్మికి నొప్పులు మొదలయ్యాయి. మ్యాపు చుట్టుకొని ముగ్గురం జీపెక్కాం. డ్రైవర్ యాదగిరి నా ఎర్ర గీతను నమ్మి తారు రోడ్డు పట్టాడు. రెండు కిలోమీటర్లు పోయామో లేదో, ఫ్యాక్టరీ తూకం కోసం ఆగిన చెరకు బండ్లు రోడ్డు నిండా. ఎడ్లు నెమరేస్తున్నాయి. ఒక బండాయన నీడలో బీడీ కాలుస్తున్నాడు.

"జర జరుగన్నా, కాన్పు కేసు" అన్నాడు యాదగిరి.

"ఎటు జరగాలె? నిన్నటిసంది గీడనే ఉన్న. సీజన్ల గీ రోడ్డుకు ఎవలన్న వస్తరా? కాలువ కట్ట మీదికెల్లి పోవాలె."

"మ్యాపుల కట్ట దారే లేదు గదన్నా."

సుజాత మ్యాపుకు ముక్కు ఆనించి వెతికింది. "ఉన్నది. మామ దాశిపెట్టిండు."

జీపు వెనక్కి తిప్పి కట్ట ఎక్కాం. ఇరవై నిమిషాల్లో లక్ష్మి ఇల్లు, మళ్లీ కట్ట మీదుగానే బోధన్ ఆసుపత్రి. దారంతా లక్ష్మి సుజాత చెయ్యి వదల్లేదు. నేను ఎర్ర గీత వంక చూడలేదు.

పన్నెండు కాకముందే ఆడపిల్ల పుట్టింది. లక్ష్మి అత్త బయటికొచ్చి, "మ్యాపు చేసినాయన ఎవలు?" అంది. తిట్లకు సిద్ధపడి చెయ్యెత్తాను. "గా మ్యాపుల మా ఇల్లు గూడ పెట్టన్నా" అంది. యాదగిరి జేబులోంచి పెన్ను తీసి, ఆసుపత్రి బల్ల మీదే నా బూడిద గీతను మందంగా దిద్దుతూ కూర్చున్నాడు.

ముక్కూ మొహం తెలియని ఎవరో ఆ కట్ట వెంట తిరిగి, దాన్ని మ్యాపులోకి ఎక్కించారు. సమాచారంలో తప్పు లేదు. పెద్ద దుకాణానికి పెద్ద అక్షరాలు రాసే అలవాటుతో నేనే దాన్ని మాయం చేశాను. ఇప్పుడు ఆ గోడ మీదున్న రెండో మ్యాపులో కట్ట దారే అన్నిటికన్నా మందం. దాని పక్కన లక్ష్మి ఇల్లుంది. మీరూ ఇలాంటి మ్యాపు చేస్తే, ఫ్లెక్సీ కొట్టించే ముందు మామూలు కాగితం మీద ప్రింటు తీసి, సీజన్ నడుస్తుండగా ఒకసారి ఆ దారుల్లో తిరిగి రండి. పెన్ను మాత్రం డ్రైవర్ చేతికివ్వండి.