ఎండుచేప వాసన

నాకు సంతకం చెయ్యడం వరకే వచ్చు. నేను చెబుతుంటే పక్కింటి పంతులమ్మ రాస్తోంది. ఏడేళ్ళుగా ఒక మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెప్పగలను.

నరసరావుపేటలో మా ఇంటికీ సైదులు ఇంటికీ మధ్య గోడ ఒకటే. సైదులు దూది ఏకి పరుపులు కుట్టేవాడు. పొద్దున మొదలుపెడితే పొద్దుగూకే దాకా దూది ఏకే ఆ పెద్ద విల్లు టంగుటంగున మోగేది. మా ఆయన అప్పటికి పక్షవాతంతో మంచంలో ఉన్నాడు. ఆయనకు నిద్ర పట్టడం లేదని అందరితో చెప్పేదాన్ని. నిజానికి ఓర్చుకోలేనిది నేను. చప్పుడు తగ్గించమని సైదుల్ని రెండుసార్లు అడిగాను. ఇదే కదా వదినా మా కూడు, అని నవ్వాడు.

ఆ విల్లు నారి మేక పేగుతో చేసింది. ఎండుచేప తిన్న చేత్తో దాన్ని ముట్టుకోకూడదని ఆ ఇంట్లో కట్టడి. వాసన తగిలితే ఎలుకలు కొరికేస్తాయట. నాకు చెప్పింది సైదులు తల్లి హుస్సేనమ్మే.

ఒక శుక్రవారం సైదులు నమాజుకు వెళ్ళాడు. ముసలమ్మ అరుగు మీద కునుకు తీస్తోంది. నేను లోపలికి వెళ్ళి, కొంగు చాటున తెచ్చిన ఎండుచేప తలను నారి పొడుగునా రుద్దాను. తొందరపడ్డానా? లేదు. అది బాగా గుర్తు.

మరునాటికి నారి తెగిపడి ఉంది. నకరికల్లు పెళ్ళివారి పరుపుల పని చేజారింది. సైదులు తల్లిని నిలదీస్తుంటే నేను వాళ్ళ గుమ్మంలోనే ఉన్నాను.

“చెయ్యి కడుక్కోకుండా ముట్టుకున్నావామ్మా?”

“నేను ముట్టుకోలేదురా.”

“మరి ఈ వాసనేంది?”

ఆమె తన అరచెయ్యి వాసన చూసుకుంది. సైదులు నావైపు తిరిగాడు. “నువ్వన్నా చెప్పు వదినా.”

“వయసు మీదపడింది గదయ్యా. మర్చిపోయుంటది” అన్నాను.

హుస్సేనమ్మ నా ముఖం చూసింది. పట్టేసింది అనుకున్నాను. “అంతే అయ్యుంటదిలే అమ్మా” అంది.

ఆ వారంలోనే సైదులు ఆమెను నూజెండ్లలో తన అన్న దగ్గర దింపేశాడు. కొత్త నారి వచ్చేదాకా నాలుగు రోజులు చప్పుడు లేదు. రెండో రోజు మా ఆయన వంకరపోయిన నోటితో అడిగాడు. “ఏమే, సైదులు ఊళ్ళో లేడా? పొద్దు పోవట్లా.”

మరి ఎవరి కోసం చేశాను? ఆయన కోసమని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకుంటూ వచ్చానా, లేక పని లేక చప్పుడు లేక పడున్న మా ఇంటి పక్కన వాళ్ళ ఇల్లు అలా మోగుతుంటే చూడలేకపోయానా?

మా ఆయన పోయాడు. తర్వాతి ఏడు హుస్సేనమ్మా పోయింది. చివరిదాకా చేతులు కడుగుతూనే ఉండేదట, ఎదురొచ్చిన వాళ్ళకల్లా అరచెయ్యి చాపి వాసనొస్తుందా అని అడిగేదట. సైదులే వచ్చి చెప్పాడు. విని, అతనికి మజ్జిగ ఇచ్చాను.

పంతులమ్మ కలం ఆపి నన్నే చూస్తోంది. ఆపొద్దమ్మా, రాయి. ఆ వాసన హుస్సేనమ్మ చేతిది కాదు. నా చేతిది.